షర్మాంక – కతరింక: ఒక వాద్యనామ నిరుక్తి

ఉపక్రమణిక

ఒక వస్తువు ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవునప్పుడు దాని పేరు మూడు విధములుగ మార్గము వెదకుకొనును. ఉన్న పేరే ధ్వనిమార్పులతో స్వీకరింపబడుట మొదటిది. ఆ పేరులోని అర్థమును మాత్రము గ్రహించి స్వభాషాపదములతో అనువదించుకొనుట రెండవది. ఆ రెంటిని విడిచి, వస్తువును చూచినవారు తమకు తోచిన పేరు పెట్టుకొనుట మూడవది. జర్మన్ భాషనుండి స్లావ్ భాషలకు పోయిన వాద్యనామములలో ఈ మూడింటికిని ఉదాహరణములు కలవు. జర్మన్ భాషలో 'వాల్డ్‌హార్న్' అనగా అడవికొమ్ము. రష్యన్ భాష దానిని 'వల్తోర్న' అనియు, పోలిష్ భాష 'వల్తోర్న్య' అనియు గ్రహించినవి. చెక్ భాష మాత్రము ఆ పదమును గ్రహింపక, 'లెస్నీ రోహ్' అని మాటకు మాటగా అనువదించుకొనినది. దానికిని అడవికొమ్ము అనియే అర్థము.

ఇట్టివి నిరుక్తికారునకు కష్టము కలిగింపవు. మూలపదము, స్వీకృతపదము, వస్తువు ఈ మూడును ఎదుటనే ఉన్నవి. కాని ఒక వాద్యము విషయమున మాత్రము సమస్య జటిలమైనది. పిడి త్రిప్పిన పాట పలుకు పెట్టె వాద్యమునకు రష్యన్ భాషలో 'షర్మాంక' అనియు, పోలిష్ భాషలో 'కతరింక' అనియు పేర్లు. ఈ రెండు పేర్లకు ధ్వనిసామ్యము లేదు. జర్మన్ భాషలో ఆ వాద్యమునకు గల పేర్లతోను వీనికి పోలిక లేదు. అయినను ఈ రెండును జర్మన్ మూలము కలవియే. అంతేకాదు, రెండును ఒకే వాక్యఖండమునుండి పుట్టినవి. దీనిని నిరూపించుటయు, ఆ నిరూపణ పద్ధతినుండి మన నిరుక్తి పరిశోధకులు గ్రహింపదగిన దేమో పరిశీలించుటయు ఈ వ్యాసమున ఉద్దేశింపబడినవి.

వాద్యస్వరూపము

పేరు యొక్క పుట్టుక వాద్యము యొక్క నిర్మాణముతో ముడివడియున్నది గావున ముందుగ ఆ నిర్మాణమును తెలిసికొనవలెను. ఇది ఒక చెక్కపెట్టె. వాయించువాడు దానిని పట్టీతో మెడకు తగిలించుకొనియో, కోలమీద నిలిపియో, చిన్నబండిమీద పెట్టియో వీధులవెంట తిరుగును. పెట్టె ప్రక్కను ఒక పిడి ఉండును. పిడి త్రిప్పినప్పుడు రెండు పనులు ఒక్కమారుగ జరుగును: లోపలి తిత్తులు గాలిని నింపును, ఒక కొయ్యస్తంభము నెమ్మదిగ దొర్లును. ఆ స్తంభముపై చిన్న మేకులు లెక్కప్రకారము నాటబడియుండును. దొర్లునప్పుడు ఒక్కొక్క మేకు ఒక్కొక్క మీటను లేపగా, దానికి సంబంధించిన గొట్టపు ద్వారము తెరచుకొని గాలి దూరి స్వరము పలుకును. మేకుల అమరికయే పాట.

దీనివలన తేలు విషయములు రెండు. మొదటిది, వాయించువానికి సంగీతజ్ఞానముతో పనిలేదు. పిడిని సమవేగముతో త్రిప్పుటయే అతని విద్య. రెండవది, ఒక స్తంభముపై కొద్దిపాటి పాటలే పట్టును. స్తంభమును కొంచెము ప్రక్కకు జరిపిన మరియొక పాట వచ్చును. అవి ముగిసిన మరల మొదటి పాటయే. క్రొత్త పాట కావలెనన్న క్రొత్త స్తంభము చేయింపవలెను. అది వీధిగాయకుని శక్తికి మించినది. కావున ఒక పెట్టె ఏండ్ల తరబడి అవే పాటలు పలుకును. వీధిలోని వారికి వాద్యము వేరు, పాట వేరు అను భావమే కలుగదు. ఈ రెండవ విషయమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. షర్మాంక పదజన్మకు ఇదియే మూలకారణము.

స్లావ్ భాషలలోని పేర్లు

జర్మన్ భాషలో ఈ వాద్యమునకు రెండు పేర్లు ప్రసిద్ధములు. 'ద్రేయోర్గెల్' అనగా త్రిప్పెడి ఆర్గన్. 'లైయర్‌కాస్టెన్' అనగా లైయర్ పెట్టె. 'లైయర్' అను పదము గ్రీకు 'లీర' శబ్దభవము. మధ్యయుగమున అది పిడితో చక్రమును త్రిప్పి తీగలను పలికించు వేరొక వాద్యమునకు పేరైనది. పిడి సామ్యముచేత ఆ పేరు ఈ పెట్టెకును సంక్రమించినది. షూబర్ట్ 1827లో కూర్చిన 'వింటర్‌రైజ' గీతమాలలోని చివరి పాట పేరు 'దేర్ లైయర్‌మన్'. అచ్చట లైయర్ అనగా ఆ తీగవాద్యమే. కాని రష్యన్ భాషలో ఆ పాట పేరు 'షర్మాన్షిక్', అనగా షర్మాంక వాయించువాడు. పిడిగల రెండు వాద్యములు ప్రజల మనస్సులో ఎంతగ కలసిపోయినవో దీనివలన తెలియుచున్నది. ఆస్ట్రియా ప్రాంతపు జర్మన్‌లో మూడవ పేరు కలదు: 'వెర్కెల్'. 'వెర్క్' అనగా పని, యంత్రము. దానిపై అల్పార్థక ప్రత్యయము చేరగా చిన్న యంత్రము అని అర్థము.

ఇక స్లావ్ భాషలు. క్రొయేషియన్, సెర్బియన్ భాషలలో దీనికి 'వెర్గ్‌ల్' అని పేరు. స్లొవాక్ భాషలో 'వెర్క్లీక్'. రెండును వెర్కెల్ భవములు. స్లావ్ భాష కాని హంగేరియన్‌లో సైతము 'వెర్క్లి' అనియే అందురు. ఈ భాషలన్నియు హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యములోనివో, దాని పొరుగువో అగుటచేత వియన్నా వీధులమాట వానిలో చేరుట సహజము. స్లొవేనియన్‌లో 'లాయ్న' అందురు. అది లైయర్ పదకుటుంబమునకు చెందినది. చెక్ భాషలో 'ఫ్లాషినెట్'; దీనికి మూలము 'ఫ్లజొలె' అను ఫ్రెంచి పదము, అనగా చిన్న పిల్లనగ్రోవి; అది జర్మన్ ద్వారమున చెక్‌లో ప్రవేశించినది. చెక్ భాషలోనే 'కొలొవ్రాతెక్' అను అచ్చపు స్లావ్ పదము కూడ ఈ వాద్యమునకు వాడుకలో నున్నది. 'కొలొ' అనగా చక్రము. 'వ్రత్' అను ధాతువునకు త్రిప్పుట యని అర్థము. ఈ ధాతువు మన 'వృత్' ధాతువునకు సోదరి. నూలు వడకు రాట్నమునకును అదే పేరు. బల్గేరియన్‌లో 'లాతెర్న' అందురు. అది గ్రీకు భాషలోని వాద్యనామమే. ఆటొమన్ పాలనలో నుండిన ఆ దేశమునకు పేరు ఉత్తరమునుండి కాక దక్షిణమునుండి వచ్చినది.

ఈ విధముగ మధ్య, దక్షిణ యూరప్ స్లావ్ భాషలలోని పేర్లన్నిటికిని వాద్యము పేరో, వాద్యము పనియో మూలము. తూర్పుననున్న రష్యన్, పోలిష్, ఉక్రేనియన్, బెలారుసియన్ భాషల పద్ధతి వేరు. రష్యన్‌లో షర్మాంక, పోలిష్‌లో కతరింక, ఉక్రేనియన్‌లో షర్మాంకతోపాటు 'కతెరింక', బెలారుసియన్‌లో 'కత్రింక'. ఇవి త్రిప్పుటను చెప్పవు, పెట్టెను చెప్పవు, గొట్టమును చెప్పవు. మరి యేమి చెప్పుచున్నవి?

రెండు వాదములు

షర్మాంక పదమునకు రెండు వ్యుత్పత్తులు ప్రచారములో నున్నవి. ఫ్రాన్సు రాజైన నాల్గవ హెన్రీకి ఆపాదింపబడిన 'షర్మాంత్ గబ్రియేల్' అను ప్రాచీన గీతము ఈ వాద్యముపై పలికెడిదనియు, దాని మొదటి పదమునుండి షర్మాంక ఏర్పడినదనియు ఒక వాదము. 'షర్మాంతె కతరీనె' అను జర్మన్ పాట యొక్క మొదటి పదమునుండి ఏర్పడినదని రెండవ వాదము. రెండింట మొదటి పదమునకు 'మనోహారిణియైన' అనియే అర్థము. జర్మన్ పదము ఫ్రెంచి పదమునుండి గ్రహింపబడినదే. హైడెల్‌బర్గ్‌లో 1950–1958 నడుమ వెలువడిన తన రష్యన్ నిరుక్తి నిఘంటువున మాక్స్ ఫాస్మర్ జర్మన్ పాటనే మూలముగ చూపెను.

రష్యన్ పదమునొక్కదానిని ముందుంచుకొని విచారించినచో ఈ రెండు వాదములలో ఏది సత్యమో నిర్ణయించుట అసాధ్యము. ధ్వని రెంటికిని సమానము: 'షర్మాంత్' అను రూపమునకు 'క' ప్రత్యయము చేరగా, న-త-క అను సంయుక్తమున నడిమి తకారము లోపించి షర్మాంక అగును. అర్థము రెంటికిని సమానము. కాలము కూడ నిర్ణాయకము కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో రష్యన్ ఉన్నతవర్గము ఫ్రెంచి మాటలాడుచుండెను, పీటర్స్‌బర్గ్ వీధులలో జర్మనులును నుండిరి. 1845లో వెలువడిన గ్రిగొరోవిచ్ రచన 'పీటర్స్‌బర్గ్ షర్మాన్షికులు' ఇటాలియనులకు ఒక ప్రకరణమును, రష్యనులకును జర్మనులకును కలిపి వేరొక ప్రకరణమును కేటాయించినది. వాద్యకారులలో జర్మనులుండిరని దీనివలన తెలియుచున్నదే కాని, పాట జర్మన్ పాటయే అని సిద్ధింపదు.

నిర్ణయము చేయునది పొరుగుభాష. పోలిష్ వారు ఇదే వాద్యమును కతరింక అనిరి. 'షర్మాంత్ గబ్రియేల్' గీతమున కతరీనె లేదు. గబ్రియేల్ నుండి కతరింక పుట్టజాలదు. జర్మన్ పాటలో మాత్రము రెండు పదములును ప్రక్కప్రక్కన ఉన్నవి. రష్యన్ భాష ముందరి పదమును, పోలిష్ భాష వెనుకటి పదమును తీసికొనినవి. ఇవి రెండు వేర్వేరు యాదృచ్ఛిక నామములు కారాదా అని శంకించువారికి సమాధానము పోలిష్ భాషలోనే లభించుచున్నది: 'షర్మంత్ కత్రింక' అను జంటరూపమును ఫాస్మర్ పేర్కొనెను. ముక్కలైన పాత్రలో రెండు పెంకులు రెండు ఇండ్లలో దొరికినను, అంచులు అతికినప్పుడు అవి ఒకే పాత్రవని చెప్పుటకు సందేహింపనక్కరలేదు.

మరియొక ఉపపత్తి ధ్వనిశాస్త్రమునుండి లభించుచున్నది. కాథరీన్ అను స్త్రీనామమునకు పోలిష్ భాషలోని స్వకీయరూపము 'కతజీన'. ఆ భాషలో తాలవ్యాచ్చునకు ముందున్న రేఫము ప్రాచీనకాలముననే మారి, నేడు జకారమునకు దగ్గరైన ఊష్మధ్వనిగ నున్నది. ఆ పేరునుండి పోలిష్ వారే వాద్యనామమును కల్పించుకొనియుండినచో అది 'కతజింక' కావలెను. అట్టి పదము ఆ భాషలో లేకపోలేదు; తొరున్ పట్టణమున తేనెయు సుగంధద్రవ్యములును కలిపి చేయు ప్రసిద్ధమైన రొట్టెకు ఆ పేరు కలదు. రొట్టె కతజింక, వాద్యము కతరింక. మార్పు లేని రేఫము రెండవదాని పరదేశిత్వమునకు సాక్ష్యము. బెలారుసియన్‌లోను స్త్రీనామము 'కత్స్యరీన' కాగా, వాద్యము కత్రింక. అన్యదేశ్యము తన జన్మస్థానమును ఒక్క అక్షరములో దాచుకొనుట నిరుక్తిశాస్త్రమున తరచుగ కనబడు విశేషమే.

నామకరణ పద్ధతి

ఇచ్చట ఒక సూక్ష్మాంశము గమనింపదగినది. వెర్గ్‌ల్, లాయ్న అనునవి జర్మన్ వాద్యనామములకు తద్భవములు. షర్మాంక, కతరింక అట్టివి కావు. ఏలయన జర్మనులు ఆ వాద్యమును ఎన్నడును షర్మాంతె అనిగాని కతరీనె అనిగాని పిలువలేదు. స్లావ్ భాషలు గ్రహించినది పేరును కాదు, పాటలోని మాటను. ఆ మాటతో పేరును కల్పించుకొనినది స్లావ్ ప్రజలే. కనుక వీనిని 'జర్మన్‌నుండి స్వీకరింపబడిన వాద్యనామములు' అనుట స్థూలదృష్టితో ఒప్పే. సూక్ష్మముగ చెప్పవలెనన్న ఇవి 'జర్మన్ ద్రవ్యముతో స్లావ్ భాషలందు నిర్మితమైన వాద్యనామములు'.

పాట యొక్క మొదటిమాటతో పాటను వ్యవహరించుట మనకు క్రొత్త కాదు. వైదికవాఙ్మయమున ఇది ప్రతీకగ్రహణము. ఈశావాస్యము, కేనము అను ఉపనిషత్తులకు పేర్లు వాని ఆద్యపదములనుండియే వచ్చినవి. నాసదీయసూక్తము, యజ్ఞాయజ్ఞీయసామము ఆదిపదములపై ప్రత్యయము చేరగా ఏర్పడినవి. సూక్తసామనామములకు ఈ ప్రత్యయమును విధించుటకై పాణిని పంచమాధ్యాయ ద్వితీయపాదమున ఒక సూత్రమునే రచించెను. తెలుగు జానపదులు పల్లవిమాటను బట్టి ఏలపాట, సువ్విపాట, లాలిపాట అని వ్యవహరించిరి. అయితే మన ఉదాహరణములలో పేరు పాటకే చెందినది. స్లావ్ భాషలలో అది పాటను దాటి పాటపలికెడి పెట్టెకు చెందినది. ఈ దాటుట సాహచర్యమూలకమైన లక్షణ. వాద్యము వేరు పాట వేరు కాని యంత్రమునందే ఈ లక్షణకు అవకాశము కలిగినది. వీణ వేయి పాటలు పలుకును; కనుక ఏ పాట పేరును వీణకు పేరు కాజాలదు.

ప్రత్యయమును గూర్చి ఒకమాట. రష్యన్‌లో 'స్క్రీప్క' (వయొలిన్), 'దూద్క' (పిల్లనగ్రోవి), 'వొలీంక' (తిత్తి), 'బలలాయ్క' అను వాద్యనామములు 'క' కారాంత స్త్రీలింగములు. పరదేశి పదము షర్మాంక అను రూపమున ఆ వరుసలో సభ్యురాలైనది. పిమ్మట దానిపై కర్త్రర్థక ప్రత్యయములు చేరి షర్మాన్షిక్, పోలిష్‌లో 'కతరిన్యజ్', క్రొయేషియన్‌లో 'వెర్గ్లాష్', చెక్‌లో 'ఫ్లాషినెతార్' మొదలగు వృత్తినామము లేర్పడినవి. అన్యదేశ్యము స్వభాషాప్రత్యయమును ధరించినప్పుడే దాని పరదేశివాసము ముగిసినదని చెప్పవచ్చును.

అర్థవిస్తృతి

పేర్లు వేరైనను వాని లాక్షణికార్థము అన్ని భాషలందు ఒక్కటియే అగుట మరియొక విశేషము. 'పాత లైయర్' అనగా జర్మన్‌లో విసుగుపుట్టించు పాతమాట. రష్యన్‌లో ఒకడు 'షర్మాంక మొదలుపెట్టెను' అన్నచో చెప్పినదే చెప్పుచున్నాడని భావము. ఎడతెగక వాగువానిని పోలిష్ వారు 'కతరింకవలె మాటలాడుచున్నాడు' అందురు. క్రొయేషియన్‌లో 'వెర్గ్లతి', స్లొవేనియన్‌లో 'లాయ్నతి' అను క్రియలకు అర్థము తెలియక వల్లించుట యని అర్థము. చెక్‌లో కొలొవ్రాతెక్ నుండి ఏర్పడిన విశేషణమునకు మార్పులేక సాగునది అని అర్థము. ఈ భాషలన్నియు ఒకదానినుండి ఒకటి ఈ అర్థమును అరువు తెచ్చుకొనినవని చెప్పనక్కరలేదు. యంత్రముయొక్క స్వభావమే ప్రతి భాషలోను ఆ అర్థమును పుట్టించుటకు చాలియున్నది. ఇచట కారణము శబ్దములో కాక వస్తువులో నున్నది.

అట్లని ఆ పదము పరిహాసమునకే పరిమితము కాలేదు. బొలెస్వాఫ్ ప్రూస్ 1880లో 'కతరింక' అను పేరిట ఒక కథ వ్రాసెను. వార్సా నగరమున సంగీతరసికుడైన ఒక న్యాయవాది ఈ పెట్టె మ్రోతను సహింపలేక, అది తన లోగిలిలోనికి రాకుండ కావలివానికి సొమ్ము ముట్టజెప్పుచుండును. ఒకనాడు క్రొత్త కావలివాని పొరపాటున వాద్యకారుడు లోనికి వచ్చి వాయించును. న్యాయవాది కోపముతో కిటికీవద్దకు పోగా, ఎదుటి ఇంట అంధురాలైన ఒక చిన్నపిల్ల ఆ మ్రోతకు ఆనందముతో గంతులువేయుట కనబడును. నాటినుండి ప్రతిదినము కతరింకలను రానిమ్మని అతడు ఆజ్ఞాపించి, నేత్రవైద్యుల చిరునామాలను వెదకుటకు మొదలుపెట్టును. వినినదే వినుట ఒకనికి రోత, మరియొకరికి జీవనాధారము. రష్యన్ బాలసాహిత్యమున ఈ పెట్టె గౌరవస్థానమునే పొందినది. 1936లో వెలువడిన అలెక్సేయ్ తొల్‌స్తోయ్ రచన 'బంగారు తాళపుచెవి'లో కొయ్యబొమ్మను చెక్కిన కార్లో తాత వృత్తి షర్మాంక వాయించుటయే.

ఉపసంహారము

యాస్కుడు నిరుక్తమున ఒక ప్రాచీనవివాదమును ప్రస్తావించెను. నామములన్నియు ధాతుజములే యని శాకటాయనుని మతము. అన్నియు కావని గార్గ్యుని మతము. కొలొవ్రాతెక్, ద్రేయోర్గెల్ అనునవి శాకటాయనుని పక్షమున నిలుచును; వానిలో క్రియ స్పష్టము. మన శ్రుతిపెట్టె, హార్మోనియం పెట్టె అనునవి లైయర్‌కాస్టెన్‌వలె రూపముననుసరించిన సమాసములు. షర్మాంక, కతరింకలు మాత్రము గార్గ్యుని పక్షమును బలపరచుచున్నవి. వాద్యమును ఎంత పరిశీలించినను, ఆ పదములను ఎంత విడదీసినను వాని పుట్టుక తెలియదు. ఒకానొకకాలమున వీధిలో వినబడిన ఒక పాటను ఎరిగినవారికే అది తెలియును.

ధ్వనిసామ్యము మాత్రమే ఆధారముగ చేసికొనువారికి షర్మాంక పదమును చూచినంతనే సుఖము, ఆశ్రయము అను అర్థముగల సంస్కృత 'శర్మన్' శబ్దము స్ఫురింపవచ్చును. సంగీతము సుఖదాయకమే కదా అని అర్థమును సైతము పొసగింపవచ్చును. మన పత్రికలలో పరభాషాపదములకు సంస్కృతమూలములు చూపు వ్యాసములు కొన్ని ఈ మార్గముననే నడచుచుండుట విచారకరము. ధ్వనియు అర్థమును పొసగినంతమాత్రమున వ్యుత్పత్తి సిద్ధింపదని ఫ్రెంచి గీతవాదమే చూపుచున్నది. అది రెంటను నిర్దుష్టము, అయినను అసత్యము. పొరుగుభాషలోని పదమును, స్వభాషలోని ధ్వనినియమమును, వస్తువు యొక్క చరిత్రను కూడ సాక్ష్యమునకు పిలిచినప్పుడే నిర్ణయము న్యాయమగును. తెలుగులోని అన్యదేశ్యములను విచారించునప్పుడు కన్నడ, తమిళ, మరాఠీ, ఉర్దూ రూపములను తప్పక సరిచూడవలెనని పెద్దలు చెప్పుట ఇందులకే.

చివరకు ఒక విశేషము. జర్మన్ 'షర్మాంత్' ఫ్రెంచి 'షర్మ్' నుండి, అది లాటిన్ 'కార్మెన్' నుండి వచ్చినవి. కార్మెన్ అనగా పాట, మంత్రము. పాడుట అను అర్థముగల 'కానెరె' ధాతువునుండి అది ఏర్పడినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. పాటకు పేరైన శబ్దము మంత్రమై, మోహమై, మనోహారిత్వమై, ఒక స్త్రీకి విశేషణమై, తుదకు పాట పలుకు పెట్టెకు పేరై మరల పాటనే చేరినది. రష్యన్ వీధులలో ఆ పేరు పలికినవారెవ్వరును ఈ సంగతి నెరుగరు. ఎరుగకయే భాష తన పూర్వస్థానమునకు తిరిగి వచ్చుచుండును. ఆ మార్గమును గుర్తించుటయే నిరుక్తి ప్రయోజనము.